ఫైలును ఇప్పుడు చదువుతున్నదెవరు? కెర్నెల్ లెక్కలపై ఒక సమీక్ష

ఒక ఫైలును ఈ క్షణంలో ఎవరైనా తెరిచి చదువుతున్నారా? చదువుతుంటే ఎంతమంది? వాళ్లు ఎవరెవరు? వినడానికి ఈ మూడూ ఒకే ప్రశ్నలా ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌కు మాత్రం ఇవి మూడు వేర్వేరు పనులు. మొదటిదానికి అవునో కాదో చాలు. రెండోదానికి ఒక అంకె కావాలి. మూడోదానికి పేర్ల జాబితా కావాలి. యాభై ఏళ్ల యూనిక్స్ చరిత్రలో, దాని బాటలో వచ్చిన లైనక్స్‌లో, ఈ మూడింటిని కలగలిపి చూసినప్పుడల్లా పొరపాట్లు దొర్లాయి, విడదీసి చూసినప్పుడల్లా చిక్కు వీడింది. ఈ సమీక్ష చెప్పదలచుకున్నది అదే.

జవాబు ఎవరికి కావాలి? డిస్కును అన్‌మౌంట్ చేయబోయే సిస్టమ్ నిర్వాహకుడికి కావాలి. ఫైలు కాపీని క్లయింట్ దగ్గరే నిశ్చింతగా ఉంచుకోనివ్వాలా వద్దా అని తేల్చుకునే ఫైల్ సర్వర్‌కు కావాలి. నడుస్తున్న ప్రోగ్రాముల సమగ్రతను కొలిచే భద్రతా వ్యవస్థకు కావాలి. లోపమున్న లైబ్రరీని మార్చాక పాత కాపీని ఇంకా ఎవరు వాడుతున్నారో తెలుసుకోవాల్సిన వాళ్లకూ కావాలి. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను అప్‌డేట్ చేయడంతోనే పని అయిపోలేదు. పాత లైబ్రరీని మెమరీలో పెట్టుకున్న సర్వీసులన్నింటినీ మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అవి ఏవో తెలియకపోతే ప్యాచ్ వేసినా వేయనట్టే.

మూడు పట్టికల వారసత్వం

కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1974లో యూనిక్స్‌ను ప్రపంచానికి పరిచయం చేస్తూ వ్యాసం రాసే నాటికే దాని అమరిక స్థిరపడింది. ప్రతి ప్రోసెస్‌కూ ఒక డిస్క్రిప్టర్ పట్టిక ఉంటుంది. అందులోని ప్రతి అంకె, సిస్టమ్ మొత్తానికీ ఉమ్మడిగా ఉన్న తెరిచిన ఫైళ్ల పట్టికలో ఒక వరుసను చూపిస్తుంది. ఆ వరుస ఒక ఐనోడ్‌ను చూపిస్తుంది. ఎక్కడిదాకా చదివామన్న గుర్తు మధ్య పట్టికలో ఉంటుంది, ఫైలు అసలు స్వరూపం ఐనోడ్‌లో ఉంటుంది.

చూపులన్నీ ఒకే దిక్కుకు సాగుతాయి. ప్రోసెస్ నుంచి ఫైలుకు దారి ఉంది, ఫైలు నుంచి ప్రోసెస్‌కు దారి లేదు. ఐనోడ్‌లోనూ మధ్య పట్టికలోనూ రిఫరెన్స్ లెక్కలు ఉన్నాయి కానీ వాటిని పెట్టిన ఉద్దేశం వేరు. ఆ వస్తువును ఎవరూ పట్టుకోనప్పుడు దాని చోటును ఖాళీ చేయడానికి పెట్టిన లెక్కలవి. ఎవరు చదువుతున్నారో చెప్పడానికి పెట్టినవి కావు. తరువాతి కథ అంతా ఈ తేడా చుట్టూనే తిరిగింది.

ఒక ఫైలు వెంట నడిస్తే

నేటి లైనక్స్‌లో ఈ లెక్కలు ఎలా మారతాయో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇక్కడ రెండు లెక్కలు ముఖ్యం. తెరిచిన ఫైలు వస్తువు మీద ఉండే రిఫరెన్స్ లెక్క ఒకటి. ఐనోడ్ మీద ఉండే రీడర్ల లెక్క రెండోది. దీన్ని కెర్నెల్ సోర్సులో ఐ-రీడ్‌కౌంట్ అంటారు.

ఒక ప్రోసెస్ ఫైలును చదవడానికి మాత్రమే తెరిచింది. రిఫరెన్స్ 1, రీడర్ 1. ఆ డిస్క్రిప్టర్‌కు డూప్ కాల్‌తో నకలు తీసింది. రిఫరెన్స్ 2 అయింది, రీడర్ మాత్రం 1 గానే ఉంది. తరువాత ఫోర్క్ చేసింది. పిల్ల ప్రోసెస్‌కు రెండు డిస్క్రిప్టర్లూ వారసత్వంగా వచ్చాయి కాబట్టి రిఫరెన్స్ 4 అయింది, రీడర్ అదే 1. తల్లి ప్రోసెస్ ఫైలును ఎమ్‌మ్యాప్‌తో మెమరీలోకి మ్యాప్ చేసుకుంది. రిఫరెన్స్ 5. ఇప్పుడు తల్లి తన రెండు డిస్క్రిప్టర్లనూ మూసేసింది, పిల్ల ముగిసిపోయింది. రిఫరెన్స్ 1, రీడర్ 1. ఏ ప్రోసెస్ డిస్క్రిప్టర్ పట్టికలోనూ ఆ ఫైలు లేదు, అయినా ఒక రీడర్ ఉన్నాడు. మ్యాపింగ్ తొలగినప్పుడే రెండు లెక్కలూ సున్నాకు వస్తాయి.

ఇందులో గమనించాల్సినవి రెండు. ఒకటి, ఐ-రీడ్‌కౌంట్ మనుషులనో ప్రోసెస్‌లనో లెక్కపెట్టదు. ఓపెన్ కాల్ ఎన్నిసార్లు ఫైలు వస్తువును సృష్టించిందో, వాటిలో ఎన్ని ఇంకా బతికి ఉన్నాయో లెక్కపెడుతుంది. రెండు, చదవడానికి మాత్రమే తెరిచినవే ఈ లెక్కలోకి వస్తాయి. చదవడానికీ రాయడానికీ కలిపి తెరిస్తే అది రైటర్ల లెక్కలో పడుతుంది. ఓ-పాత్ జెండాతో తెరిస్తే ఏ లెక్కలోనూ పడదు, ఎందుకంటే దానితో ఫైలులోని సమాచారాన్ని చదవడం కుదరదు.

రైటర్లకు మొదటి పీట

కెర్నెల్ ముందుగా శ్రద్ధ పెట్టింది రైటర్ల మీద. కారణం తేలికే. చదివేవాడు ఇతరులకు హాని చేయడు, రాసేవాడు చేయగలడు. లైనక్స్ ఐనోడ్‌లోని ఐ-రైట్‌కౌంట్ ఒకే అంకెతో రెండు సంగతులు చెబుతుంది. అది ధనాత్మకమైతే అంతమంది రాయడానికి తెరిచి ఉన్నారు. రుణాత్మకమైతే రాయడాన్ని నిషేధించినవాళ్లు అంతమంది ఉన్నారు. నడుస్తున్న ప్రోగ్రాము ఫైలులో రాయబోతే ‘టెక్స్ట్ ఫైల్ బిజీ’ అన్న లోపం వచ్చేది ఈ లెక్క వల్లే.

ఈ నిషేధాన్ని మామూలు ప్రోగ్రాముల చేతికిస్తే ఎవరైనా ఎవరి ఫైలునైనా రాయనివ్వకుండా అడ్డుకోవచ్చు. అందుకే ఎమ్‌మ్యాప్‌లోని డినైరైట్ జెండాను లైనక్స్ చాలాకాలం పట్టించుకోకుండా ఉంచి, 2021లో వచ్చిన 5.15 కెర్నెల్‌లో లోపలి వాడకాన్ని కూడా తీసేసింది. 2024లో 6.11 కెర్నెల్ ప్రోగ్రాము ఫైళ్ల మీద నిషేధాన్నే ఎత్తేసింది. దాని మీద ఆధారపడిన సాఫ్ట్‌వేర్ ఉందని తేలడంతో కొద్ది నెలల్లోనే ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. పాత లెక్కే అయినా దాన్ని నమ్ముకుని బయట ఎవరెవరు బతుకుతున్నారో తీసేసేదాకా తెలియదు.

ఆధునిక సౌకర్యాలు కూడా ఈ లెక్క మీదే నిలబడ్డాయి. ఎఫ్ఎస్-వెరిటీ ఒక ఫైలును ఇక మారనిదిగా ముద్ర వేసేముందు రైటర్లు ఎవరూ లేరని నిర్ధారించుకుంటుంది. చదవడానికి మాత్రమే ఉన్న ఫైళ్లను పెద్ద పేజీల్లో పెట్టే ఏర్పాటు 2019లో 5.4 కెర్నెల్‌తో వచ్చింది. ఆ ఫైలును ఎవరైనా రాయడానికి తెరిస్తే కెర్నెల్ ఆ పెద్ద పేజీలను వదులుకుంటుంది.

రీడర్ల లెక్క పుట్టిన తీరు

రీడర్లను లెక్కపెట్టాల్సిన అవసరం భద్రత వైపు నుంచి వచ్చింది. ఐబీఎం పరిశోధకులు 2004లో ప్రతిపాదించిన సమగ్రత కొలత పద్ధతి ‘ఐమా’ అనే పేరుతో 2009లో 2.6.30 కెర్నెల్‌లో చేరింది. ఫైలును వాడేముందు ఐమా దాని హ్యాష్‌ను లెక్కించి, ఆ విలువను టీపీఎం అనే భద్రతా చిప్‌లోకి ఎక్కిస్తుంది. దూరంగా ఉన్న సర్వర్ ఆ రికార్డును చూసి ఈ యంత్రాన్ని నమ్మవచ్చా లేదా అని తేల్చుకుంటుంది.

కొలిచిన క్షణానికీ వాడిన క్షణానికీ మధ్య ఫైలు మారిపోతే ఆ కొలతకు అర్థం లేదు. కాబట్టి ఐమా రెండు సందర్భాల్లో ఉల్లంఘనను నమోదు చేస్తుంది. ఎవరో రాయడానికి తెరిచి ఉంచిన ఫైలును మరొకరు చదవడానికి తెరవడం ఒకటి. కొలిచిన ఫైలును ఒకరు చదువుతుండగా మరొకరు రాయడానికి తెరవడం రెండోది. ఈ రెండోదాన్ని పట్టుకోవాలంటే రీడర్లు ఉన్నారో లేదో తెలియాలి. అప్పటికి లైనక్స్‌లో అలాంటి లెక్క లేదు, కాబట్టి ఐమా సొంతంగా ఒకటి పెట్టుకుంది.

ఇబ్బంది అక్కడే మొదలైంది. ఇలాంటి లెక్కను మధ్యలో మొదలుపెడితే తప్పు వస్తుంది. మొదలుపెట్టడానికి ముందే తెరిచినవాళ్లు లెక్కలో ఉండరు, వాళ్లు మూసినప్పుడు మాత్రం అంకె తగ్గుతుంది. అందువల్ల ఐమా విధానం అమల్లో లేకపోయినా, ఏదో ఒక రోజు అమల్లోకి రావచ్చన్న కారణంతో, ప్రతి ఐనోడ్‌కూ పక్కన ఒక వస్తువును రేడిక్స్ చెట్టులో తగిలించాల్సి వచ్చింది. ఐమాను ఎన్నడూ వాడని యంత్రాలు కూడా ఆ మెమరీ భారాన్ని మోశాయి. 2010లో కెర్నెల్ డెవలపర్ల మధ్య దీనిపై గట్టి చర్చ నడిచింది. ఎరిక్ పారిస్ రీడర్ల లెక్కను ఐనోడ్‌లోకే తెచ్చి, మిగతా వస్తువును నిజంగా కొలిచే ఫైళ్లకే పరిమితం చేశాడు. 2011లో 2.6.39 కెర్నెల్‌లో మిమీ జోహర్ ఆ లెక్క నిర్వహణను ఐమా నుంచి తీసి ఉమ్మడి ఫైల్‌సిస్టమ్ పొర అయిన వీఎఫ్ఎస్‌కు అప్పగించింది.

పైకి చిన్న మార్పుగా కనిపించే ఈ మలుపు నా దృష్టిలో మొత్తం చరిత్రలోకెల్లా ముఖ్యమైనది. రీడర్ల లెక్క ఒక భద్రతా మాడ్యూల్ సొంత ఆస్తిగా ఉన్నంతకాలం భారమైంది, తెరవడం మూయడం జరిగేచోటికే చేరాక నాలుగు బైట్ల అంకెతో సరిపోయింది.

ఉజ్జాయింపు నుంచి కచ్చితత్వానికి

ఆ అంకె విలువ ఎనిమిదేళ్ల తరువాత ఇంకోచోట తెలిసింది. లైనక్స్‌లో 2.4 కాలం నుంచి ఫైల్ లీజులు ఉన్నాయి. ఒక సర్వర్ ఒక ఫైలు మీద రాత లీజు తీసుకుంటే, ఇంకెవరైనా దాన్ని తెరవబోయినప్పుడు కెర్నెల్ ముందుగా ఆ సర్వర్‌కు సిగ్నల్ పంపుతుంది. తెరవబోయినవాణ్ణి ఆపి ఉంచుతుంది. సర్వర్ తన దగ్గరున్న మార్పులను రాసేసుకోవడానికి మామూలుగా 45 సెకన్ల గడువు ఇస్తుంది. విండోస్ క్లయింట్లకు సాంబా ఇచ్చే ఆప్‌లాక్‌లు, ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగో వెర్షన్‌లోని డెలిగేషన్లు ఈ పునాది మీదివే.

రాత లీజు ఇవ్వాలంటే అడిగినవాడు తప్ప మరెవరూ ఫైలును తెరిచి ఉండకూడదు. చాలా ఏళ్లు కెర్నెల్ దీన్ని ఐనోడ్ మీదా, పేరును సూచించే డెంట్రీ మీదా ఉన్న రిఫరెన్స్ లెక్కలతో తేల్చింది. ఒకటి కంటే ఎక్కువ ఉంటే ఎవరో తెరిచి ఉన్నారనుకుంది. కానీ రిఫరెన్స్ పట్టుకున్న ప్రతివాడూ చదివేవాడు కాడు. ఓ-పాత్‌తో తెరిచినవాడు రిఫరెన్స్ పట్టుకుంటాడు, చదవడు. 4.19 కెర్నెల్ నుంచి, ఫైల్‌సిస్టమ్‌లను ఒకదానిపై ఒకటి పేర్చే ఓవర్లేఎఫ్ఎస్ తన సొంత అవసరానికి డెంట్రీ మీద అదనంగా ఒక రిఫరెన్స్ పట్టుకోవడం మొదలుపెట్టింది. దాంతో, ఎవరూ తెరవని ఫైలు మీద కూడా లీజు దొరకని పరిస్థితి వచ్చింది.

2019లో 5.3 కెర్నెల్‌లో ఆమిర్ గోల్డ్‌స్టీన్ ఈ ఉజ్జాయింపును తీసేశాడు. రైటర్ల లెక్క, రీడర్ల లెక్క రెండూ అడిగినవాడి సొంత వాటాకు సరిగ్గా సమానమైతేనే లీజు ఇవ్వాలన్నది కొత్త నియమం. ఐమా లేని కెర్నెల్‌లో కూడా ఐ-రీడ్‌కౌంట్ ఉండేలా, ఫైల్ లాకింగ్ ఉంటే చాలన్న షరతు చేర్చాడు. కోడ్‌లో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. లీజును జాబితాలో చేర్చేముందు ఒకసారి, చేర్చాక ఇంకోసారి కెర్నెల్ ఆ లెక్కలను చూస్తుంది. మొదటి చూపుకూ చేర్పుకూ మధ్య ఎవరైనా తెరిచినా, ఆ రెండో చూపు పట్టుకుంటుంది. ఓపెన్ వైపు కూడా ముందు లెక్క పెరిగాకే లీజును పరిశీలిస్తుంది. ఇద్దరిలో ఎవరో ఒకరు రెండోవాణ్ణి తప్పక చూస్తారు. అంకె ఎంత కచ్చితమైనా దాన్ని ఏ క్షణంలో చూస్తున్నామన్నది కూడా అంతే ముఖ్యం.

పైపులు: తొలినుంచీ కచ్చితం

ఒక్కచోట మాత్రం యూనిక్స్ సంతతి రీడర్లను మొదటి నుంచీ జాగ్రత్తగా గమనించింది. అవి పైపులు. ప్రతి పైపుకూ లైనక్స్ రీడర్ల అంకె, రైటర్ల అంకె విడివిడిగా ఉంచుతుంది. రీడర్లు సున్నా అయ్యాక రాస్తే సిగ్‌పైప్ సిగ్నల్ వస్తుంది. రైటర్లు సున్నా అయ్యాక చదివితే ఫైలు ముగిసిందన్న జవాబు వస్తుంది. ఫోర్క్ చేశాక పిల్ల ప్రోసెస్‌లో రాత కొసను మూయడం మరిచిపోతే రీడర్ ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉంటాడు. సిస్టమ్ ప్రోగ్రామింగ్ ల్యాబుల్లో విద్యార్థులు తరచూ చిక్కుకునే చోటు ఇది. పైపు ప్రవర్తనే ఆ అంకె మీద ఆధారపడింది కాబట్టి అక్కడ ఉజ్జాయింపుకు తావు లేకపోయింది.

ఇతర కెర్నెళ్లలో

విండోస్ ఎన్‌టీ మొదటి నుంచే భిన్నమైన దారి పట్టింది. ఫైలు తెరిచేటప్పుడే నేనున్నంతసేపు ఇతరులు చదవవచ్చా, రాయవచ్చా, తొలగించవచ్చా అని చెప్పాలి. అందుకోసం ఫైల్‌సిస్టమ్ ప్రతి ఫైలుకూ ఎన్నిసార్లు తెరిచారు, చదివేవారు, రాసేవారు, తొలగించేవారు, వాటిలో ఒక్కొక్కదాన్ని ఇతరులకు అనుమతించినవారు అంటూ ఏడు అంకెలు ఉంచుతుంది. ఈ ఫైలు మరో ప్రోగ్రాములో తెరిచి ఉందంటూ విండోస్ ఇచ్చే సందేశం వెనక ఉన్నవి ఇవే. రీడర్ల లెక్క అక్కడ పునాదిలోనే ఉంది. దానికి బదులుగా వాడుతున్న ఫైలును మార్చడం కష్టమైంది, అప్‌డేట్‌కు రీబూట్ తప్పనిసరయ్యే సందర్భాలు పెరిగాయి.

సొలారిస్ తన వీనోడ్‌లో మామూలు ఫైళ్లకు చదివేవారి లెక్క, రాసేవారి లెక్క, మ్యాప్ చేసినవారి లెక్కలు విడివిడిగా పెట్టింది. ఫ్రీబీఎస్‌డీ వీనోడ్‌లో వాడకం లెక్క, రైటర్ల లెక్క ఉంటాయి. అవసరం ఏది తెచ్చిపెడితే ఆ లెక్క పుట్టిందన్న సూత్రం అన్నిచోట్లా కనిపిస్తుంది.

పేర్లు కావాలంటే

ఇక మూడో ప్రశ్న, ఎవరెవరు అన్నది. సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపే మనిషికి లోపల ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది గానీ ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో తెలియదు. ఐనోడ్ స్థితి కూడా అదే. పేర్లు కావాలంటే కుర్చీ కుర్చీకీ వెళ్లి చూడాలి. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విక్ ఏబెల్ రూపొందించిన ఎల్‌సాఫ్, ఇంకా ఫ్యూజర్ అనే సాధనాలు చేసేది అదే. ప్రాక్ ఫైల్‌సిస్టమ్‌లో ప్రతి ప్రోసెస్ డిస్క్రిప్టర్లనూ, మెమరీ మ్యాపులనూ ఒక్కొక్కటిగా చదివి పోల్చుకుంటాయి.

ఈ పద్ధతికి పరిమితులు ఉన్నాయి. చూస్తుండగానే ప్రోసెస్‌లు పుడతాయి, పోతాయి. రూట్ అధికారం లేకపోతే ఇతరుల ప్రోసెస్‌ల డిస్క్రిప్టర్లు కనిపించవు. కంటెయినర్ లోపలి నుంచి చూస్తే హోస్ట్ మీది ప్రోసెస్‌లు అసలే కనిపించవు, కానీ ఐనోడ్ అందరిదీ ఒకటే, దాని లెక్కలో అందరూ ఉంటారు. అంతకంటే చిక్కైనది ఇంకొకటి ఉంది. యూనిక్స్ సాకెట్ ద్వారా ఒక డిస్క్రిప్టర్‌ను ఇంకో ప్రోసెస్‌కు పంపవచ్చు. పంపినవాడు తనది మూసేసి, అందుకోవాల్సినవాడు ఇంకా అందుకోకపోతే, ఆ ఫైలు తెరిచే ఉంటుంది కానీ ఏ ప్రోసెస్‌ దగ్గరా ఉండదు. రీడర్ 1 అని అంకె చెబుతుంది. ఎవరని అడిగితే జవాబే లేదు.

జాబితాకు బదులు సంఘటనలను గమనించే దారి ఇంకోటి. 2005లో వచ్చిన ఐనోటిఫై ఫైలు తెరవడం, చదవడం, మూయడం జరిగినప్పుడు కబురు చెబుతుంది కానీ చేసినవాడి పేరు చెప్పదు. ఆ తరువాత వచ్చిన ఫ్యానోటిఫై ప్రోసెస్ సంఖ్యను కూడా ఇస్తుంది. పైగా తెరవడానికి అనుమతి ఇవ్వాలా వద్దా అని ముందే అడుగుతుంది. వైరస్ స్కానర్లకు ఇదే ఆధారం. అయితే గమనించడం మొదలుపెట్టక ముందే తెరిచినవాళ్ల గురించి ఇది ఏమీ చెప్పలేదు. ఐమా తొలినాళ్లలో ఎదురైన చిక్కే ఇక్కడా ఉంది.

లెక్కకు ఖరీదు

ప్రతి రీడర్ పేరునూ ఐనోడ్‌కు తగిలించి ఉంచవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఒక పెద్ద సర్వర్‌లో సీ లైబ్రరీ ఫైలును దాదాపు ప్రతి ప్రోసెస్ తెరుస్తుంది. డజన్ల కొద్దీ కోర్లు ఒకే ఐనోడ్‌లోని ఒకే అంకెను మారుస్తుంటే ఆ క్యాష్ లైన్ ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు పరుగులు తీస్తూనే ఉంటుంది. ఒక్క అంకెకే ఇంత ఖర్చయితే, తాళం వేసి తీస్తూ నిర్వహించాల్సిన జాబితా మాట చెప్పనక్కర్లేదు. పోటీని తగ్గించడానికి 2013లో డెంట్రీలకు లాక్‌రెఫ్ అనే కొత్త లెక్క పద్ధతి వచ్చింది. 6.13 కెర్నెల్‌లో క్రిస్టియన్ బ్రౌనర్ తెరిచిన ఫైలు వస్తువు రిఫరెన్స్ లెక్కనే కొత్త పద్ధతిలోకి మార్చాడు. ఇంత శ్రమ పడి తేలిక చేసుకుంటున్న దారి మీద ఎప్పుడో ఒకసారి అడిగే ప్రశ్న కోసం నిత్యం జాబితా మోయించడం తగదు.

తేలేది ఏమిటి

వీటన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మూడు విషయాలు స్పష్టంగా తేలతాయి. మొదటిది, ఒక అవసరానికి పెట్టిన లెక్కతో మరో ప్రశ్నకు జవాబు చెప్పకూడదు. రిఫరెన్స్ లెక్క మెమరీని విడుదల చేయడానికి పెట్టింది, దానితో రీడర్లను ఊహిస్తే లీజుల విషయంలో జరిగిందే జరుగుతుంది. రెండోది, లెక్క ఉండాల్సింది అడిగేవాడి దగ్గర కాదు, తెరవడం మూయడం జరిగేచోట. అక్కడ ఉంటే మొదటి క్షణం నుంచీ సరిగ్గా ఉంటుంది, ఎంతమంది అడిగినా అదే జవాబు చెబుతుంది. మూడోది, ఎంతమంది అన్నది కెర్నెల్ నిత్యం మోయాల్సిన బాధ్యత, ఎవరెవరు అన్నది అడిగినప్పుడు వెతికి చెప్పాల్సిన సంగతి. ఈ విభజన లైనక్స్ కావాలని ఎంచుకున్నది కాకపోయినా, అనుభవం దాన్ని సరైనదని నిరూపించింది.

మిగిలిన లోటు ఒకటుంది. ఐ-రీడ్‌కౌంట్ ఇంతటి కచ్చితమైన అంకె అయినా, దాన్ని నేరుగా చూసే మామూలు దారి వాడుకరులకు లేదు. ఎల్‌సాఫ్ వెతికి తెచ్చిన జాబితాను ఆ అంకెతో పోల్చుకోగలిగితే, ఎవరైనా కంటికి అందకుండా మిగిలారేమో తెలిసేది. అలాంటి దారి రావాలి.

సర్వర్లు నడిపే పాఠకులకు ఒక మాట. లాగ్ ఫైలును తొలగించాక కూడా డిస్కులో చోటు తిరిగి రాకపోతే, లైబ్రరీ అప్‌డేట్ చేశాక కూడా లోపం పోయినట్టు లేకపోతే, ముందు ఎల్‌సాఫ్ నడిపి తొలగించిన ఫైళ్లను ఇంకా పట్టుకున్న ప్రోసెస్‌లను చూడండి. డెబియన్‌లో నీడ్‌రీస్టార్ట్, రెడ్‌హ్యాట్‌లో నీడ్స్-రీస్టార్టింగ్ మ్యాపుల దాకా వెతికి చెబుతాయి. ప్రతి భద్రతా అప్‌డేట్ తరువాతా వాటిని నడపడం అలవాటు చేసుకోండి. పాత కాపీని చివరి రీడర్ వదిలేదాకా ఆ అప్‌డేట్ పూర్తయినట్టు కాదు.